ఆన్‌లైన్ వేలంలో పాట దక్కింది, అమ్మకందారు పలకడం లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్ వేలంలో వస్తువు దక్కించుకుని, డబ్బు కట్టి, ఆ తరువాత అమ్మకందారు నుంచి ఉలుకూ పలుకూ లేక ఏం చేయాలో తోచనివారి కోసం ఇది రాస్తున్నాను. కర్నూలు, ఆదోని, అనంతపురం, కడప నుంచి నన్ను అడిగేవారిలో పాత నాణేలు, స్టాంపులు సేకరించేవారున్నారు. వాల్వు రేడియోల విడిభాగాల కోసం వెతికే మెకానిక్కులున్నారు. పాత కెమెరా లెన్సుల మీద మనసుపడ్డ విద్యార్థులున్నారు. వస్తువులు వేరైనా ప్రశ్నలు దాదాపు ఒకటే. వీరిలో చాలామంది డబ్బు పోగొట్టుకున్నది మొహమాటం వల్లనే. "పాపం, ఏ ఇబ్బందిలో ఉన్నారో, ఇంకో వారం చూద్దాం" అని ఆగుతూ పోయారు, ఈలోగా ఫిర్యాదు గడువు దాటిపోయింది. అందుకే కింది జవాబులన్నింటిలో తేదీల గురించి పదేపదే చెబుతాను.

డబ్బు కట్టి నాలుగు రోజులైంది. అమ్మకందారు జవాబివ్వడం లేదు. మోసపోయినట్టేనా?

అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. వేలం సైట్లలో అమ్మేవారిలో చాలామంది ఇంట్లోని పాత సామాను అమ్ముకునే మామూలు మనుషులు. ఉద్యోగాలు చేసుకుంటూ, వీలు చూసుకుని వారానికోసారి పోస్టాఫీసుకు వెళ్తారు. అమ్మకందారు అమెరికా తూర్పు తీరంలో ఉంటే వారి గడియారం మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మీరు శనివారం పొద్దున అడిగింది వారికి శుక్రవారం రాత్రి చేరుతుంది. సోమవారం దాకా జవాబు రాకపోతే అందులో వింత లేదు.

ముందు మీ వైపు చూసుకోండి. డబ్బు నిజంగా వెళ్లిందా, బ్యాంకు ఆపేసిందా? మన కార్డుల మీద విదేశీ చెల్లింపులు మనంతట మనం అనుమతిస్తే తప్ప జరగవు, ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. జవాబు వచ్చి స్పామ్‌లో పడి ఉండవచ్చు. మెయిల్ ఒక్కటే కాక సైటులోని మెసేజ్ పెట్టె కూడా తెరవండి. చిరునామా మరోసారి చదవండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి, డోన్ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. సైట్లలో మాత్రం చాలాచోట్ల పాత పేర్లే ఉన్నాయి. జిల్లా పేరు తేడా పడినా ఫరవాలేదు, పిన్ కోడ్, ఇంటి నంబరు, ఫోను నంబరు సరిగ్గా ఉంటే పార్సిల్ చేరుతుంది.

ఆ తరువాత అమ్మకందారు పేజీ చూడండి. కొత్త వేలాలు పెడుతూనే ఉండి మీకు మాత్రం జవాబివ్వకపోతే, దానికి తోడు ఇటీవలి వారాల్లో కొన్న ఇతరులు కూడా "వస్తువు రాలేదు" అని రాసి ఉంటే, మంచితనంతో ఆగే పరిస్థితి కాదది. ఆ రోజే కదలండి.

అయితే ఎన్ని రోజులు ఆగాలి?

మర్యాద కోసం ఆగే రోజులు కొన్ని, చట్టం లేదా సైటు పెట్టిన గడువు కొన్ని. ఈ రెండూ కలిపేసుకుంటే చిక్కు.

ఈబే అనే అంతర్జాతీయ వేలం సైటులో కొంటే ఆర్డరులో వస్తువు చేరాల్సిన తేదీల వ్యవధి ఒకటి చూపిస్తారు. అందులో చివరి తేదీ దాటగానే "వస్తువు అందలేదు" అని ఫిర్యాదు తెరవవచ్చు. ఆ తేదీ నుంచి 30 రోజుల దాకా మాత్రమే ఆ తలుపు తెరిచి ఉంటుంది. ఫిర్యాదు తెరిచాక అమ్మకందారుకు 3 పనిదినాలు ఇస్తారు. అప్పటికీ పలకకపోతే ఈబేనే జోక్యం చేసుకోమని అడగాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఫిర్యాదు తెరిచాం కదా, మిగతాది సైటే చూసుకుంటుందని ఊరుకుంటారు. అలా జరగదు, రెండో మెట్టు కూడా మీరే ఎక్కాలి.

పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా కట్టి ఉంటే చెల్లించిన రోజు నుంచి 180 రోజుల్లోగా వివాదం తెరవవచ్చు. తెరిచాక 20 రోజుల్లోగా దాన్ని క్లెయిముగా మార్చాలి. మార్చకపోతే దానంతటదే మూతపడుతుంది, మళ్లీ తెరవనివ్వరు.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఇది. డబ్బు కట్టిన రోజే ఆ సైటు గడువులు చదివి, గోడ మీది క్యాలెండరులో చివరి తేదీ, దానికి వారం ముందు తేదీ రెండూ గుర్తు పెట్టుకోండి. కట్టాక రెండు పనిదినాలకు ఒక సందేశం పంపండి. మరో మూడు పనిదినాలు చూసి రెండోది పంపండి. ఫిర్యాదుకు వీలున్న తేదీ రాగానే ఫిర్యాదు పెట్టేయండి. ఫిర్యాదు పెట్టడం అవతలి మనిషిని దొంగ అనడం కాదు. నిజాయితీ ఉన్న అమ్మకందారు ట్రాకింగ్ నంబరు చూపిస్తే ఫిర్యాదు అక్కడితో తేలిపోతుంది, వారికి పోయేదేమీ లేదు.

"ఇంకో రెండు వారాలు ఆగండి, తప్పకుండా పంపిస్తాను" అని గడువు ముంగిట తీయగా మాట్లాడేవారి విషయంలో మరీ జాగ్రత్త. ఆ రెండు వారాలు ఎక్కడ ముగుస్తాయో క్యాలెండరు చూస్తే మీకే తెలుస్తుంది.

సందేశం ఎలా రాయాలి?

తరువాత ఈ సందేశాన్ని సైటు ఉద్యోగో, బ్యాంకు అధికారో, వినియోగదారుల కమిషనో చదవవచ్చు. వారికి మీరెవరో తెలియదు, కథంతా తెలియదు. అందుకని ఒక్క సందేశం చదివితే విషయం మొత్తం అర్థం కావాలి. ఉదాహరణకు:

"నమస్కారం. అక్టోబరు 6న ముగిసిన వేలంలో మీ వాల్వు రేడియో రూ.4,250కి నాకు దక్కింది. అదే రోజు డబ్బు కట్టాను. ఆర్డరు నంబరు ఇది. అక్టోబరు 8న నేను పంపిన సందేశానికి జవాబు రాలేదు. రేడియో ఎప్పుడు పంపారో, ట్రాకింగ్ నంబరు ఏమిటో అక్టోబరు 15లోగా తెలియజేయండి. పంపడం వీలుకాకపోతే అదే తేదీలోగా డబ్బు వాపసు చేయండి. అప్పటికి వివరం రాకపోతే సైటులో ఫిర్యాదు నమోదు చేస్తాను."

ఇంతే. "అన్నా, దయచేసి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలడం వద్దు, తిట్లు అసలే వద్దు. కోపంలో రాసిన ఒక్క మాట పట్టుకుని "కొన్నవారు బెదిరిస్తున్నారు" అని అమ్మకందారు ఎదురు ఫిర్యాదు పెట్టే అవకాశం ఉంది. విదేశీయులకు ఇదే వరసలో చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి. వ్యాకరణం గురించి బెంగ వద్దు, తేదీలు, మొత్తం, ఆర్డరు నంబరు ఉంటే చాలు.

"వాట్సాప్‌లో మాట్లాడుకుందాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వద్దు. ఫోనులో మాట్లాడాల్సి వచ్చినా, మాట్లాడిన వెంటనే "ఇప్పుడు ఫోనులో మీరు శుక్రవారం పంపుతానన్నారు" అని సైటు మెసేజ్ పెట్టెలో రాసి పెట్టండి. సైటులో లేని మాటను సైటు లెక్కలోకి తీసుకోదు. సైటు బయట కట్టిన డబ్బుకైతే ఈబే వంటివి రక్షణే ఇవ్వవు. "నేరుగా కడితే పది శాతం తగ్గిస్తాను" అనే మాటకు లొంగితే ఆ పది శాతం కోసం మొత్తం సొమ్మును పణంగా పెట్టినట్టే.

ట్రాకింగ్ నంబరు ఇచ్చారు, కానీ అది కదలడం లేదు.

నంబరును దగ్గరగా చూడండి, చాలా సంగతులు తెలుస్తాయి. అంతర్జాతీయ తపాలా నంబరులో మొత్తం 13 గుర్తులుంటాయి. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, నడుమ 9 అంకెలు, చివర మళ్లీ రెండు అక్షరాలు. ఆ చివరి రెండూ పార్సిల్ బయల్దేరిన దేశాన్ని చెబుతాయి. జపాన్ అయితే జేపీ, బ్రిటన్ అయితే జీబీ, మన దేశమైతే ఐఎన్. జపాన్ నుంచి రావాల్సిన లెన్సుకు సీఎన్ అని ముగిసే నంబరు ఇచ్చారంటే అది చైనాలో బయల్దేరిన పార్సిల్ నంబరు. ఎందుకో అడగాల్సిందే. తొమ్మిది అంకెల్లో చివరిది తనిఖీ అంకె, ముందున్న ఎనిమిదింటిని బట్టి లెక్కగట్టి వేస్తారు. నోటికొచ్చిన అంకెలు కూర్చి ఇచ్చిన నంబరును తపాలా సైటు చాలాసార్లు తిప్పికొట్టడానికి కారణం అదే.

నంబరు సరైనదే అయినా "లేబుల్ తయారైంది" అన్న దగ్గరే ఆగి ఉంటే పార్సిల్ ఇంకా అమ్మకందారు ఇంట్లోనే ఉందని అర్థం. పంపినట్టు కనబడటానికి లేబుల్ మాత్రం ముద్రించి ఊరుకునేవారున్నారు. వారం దాటినా అదే మాట చూపిస్తుంటే ఆ తెరను తేదీ కనబడేలా ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.

పార్సిల్ మన దేశంలోకి వచ్చి కస్టమ్స్ దగ్గర ఆగి ఉంటే మాత్రం అమ్మకందారును అనుకుని లాభం లేదు, కొంత ఓపిక పట్టాలి. పోస్టులో వచ్చిన పార్సిల్‌కు సుంకం పడితే అందించేటప్పుడు పోస్టల్ శాఖే వసూలు చేసి రసీదు ఇస్తుంది. "మీ పార్సిల్ కస్టమ్స్‌లో చిక్కుకుంది, విడిపించడానికి నా ఖాతాకు డబ్బు పంపండి" అని అమ్మకందారో, అధికారినని చెప్పుకునే మరొకరో ఫోను చేస్తే అది మోసం.

"అందజేశాం" అని చూపిస్తోంది. నాకు మాత్రం ఏమీ రాలేదు.

ఆ రోజే మీ పోస్టాఫీసుకు వెళ్లండి. నంబరు చూపించి, ఏ రోజు, ఏ చిరునామాకు, ఎవరి సంతకంతో అందజేశారో అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద దరఖాస్తు ఇచ్చి, దాని నకలుపై ముద్ర వేయించుకోండి. ఇంత పట్టుదల ఎందుకంటే, కొందరు మోసగాళ్లు అదే ఊరిలోని వేరే చిరునామాకు ఓ ఖాళీ కవరు పంపుతారు. 516001 అని ఉంటే కడపలో ఎవరికి చేరినా సైటు తెర మీద "కడపలో అందజేశాం" అనే కనిపిస్తుంది. సైటు దాన్నే రుజువుగా తీసుకుని మీ ఫిర్యాదు కొట్టివేస్తుంది. ఆ పార్సిల్ మీ పేరున, మీ చిరునామాకు రాలేదని పోస్టాఫీసు రాసిచ్చిన కాగితం ఉంటే ఆ నిర్ణయం మీద అప్పీలు చేయవచ్చు.

వెళ్లేముందు ఇరుగుపొరుగును, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను ఒకసారి అడగడం మరవకండి.

చాలా తక్కువ ధరకు దక్కింది. అందుకే పంపడం లేదని నా అనుమానం. చట్టం ఏమంటుంది?

మీ అనుమానం నిజమయ్యే అవకాశం ఎక్కువ. పోటీ లేక వస్తువు కారుచౌకగా పోయినప్పుడు "పగిలిపోయింది", "కనబడటం లేదు" అనే సాకులు మొదలవుతాయి. లేదా పూర్తిగా మౌనం.

మన దేశంలో వేలాలకు 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ ఉంది. సుత్తి దెబ్బతో గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ పాట ముగిసిందని ప్రకటించగానే అమ్మకం పూర్తయినట్టే. అంతవరకు ఎవరైనా తమ పాట వెనక్కి తీసుకోవచ్చు, ఆ తరువాత కుదరదు. కనీస ధర పెట్టుకునే హక్కు అమ్మకందారుకు ఉంది, కానీ దాన్ని ముందే చెప్పాలి. తానే మారుపేరుతో పాట పాడి ధర పెంచే హక్కు మాత్రం లేదు. ముందుగా ప్రకటించకుండా అలా పాడితే కొన్నవారు ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు. అదే చట్టంలో 57వ సెక్షన్, వస్తువు అందించకపోతే నష్టపరిహారం అడిగే హక్కును కొన్నవారికి ఇస్తుంది.

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కుప్ప మీద పాట ముగిస్తే సరుకు కళ్లెదుటే ఉంటుంది, కమిషన్ ఏజెంటు పక్కనే ఉంటారు, మాట తప్పడం అంత తేలిక కాదు. ఆన్‌లైన్‌లో ఆ రెండూ కనబడవు. కాబట్టి చట్టం మీ పక్షాన ఉన్నా, చిన్న మొత్తాలకు ఆచరణలో మీకు వచ్చేది కట్టిన డబ్బే. వస్తువే ఇప్పించాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి, రెండు మూడు వేల వస్తువుకు అది గిట్టుబాటు కాదు. డబ్బు వెనక్కి రాబట్టుకుని, ఆ ఖాతా మీద ఫిర్యాదు నమోదు చేసి, మరో వేలం చూసుకోవడం మేలు. అరుదైన వస్తువు, పెద్ద మొత్తం అయితే న్యాయవాది సలహా తీసుకోండి.

కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి వస్తుందా?

ఎలా కట్టారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో కట్టి ఉంటే వస్తువు అందలేదన్న కారణంతో చార్జిబ్యాక్, అంటే ఆ చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించడం, అడగవచ్చు. వీసా, మాస్టర్‌కార్డులకు సాధారణంగా 120 రోజుల గడువుంటుంది, కానీ మీ బ్యాంకు అంతకన్నా ముందే దరఖాస్తు కోరవచ్చు. అందుకని ఆలస్యం చేయకండి. శాఖకు వెళ్తే చార్జిబ్యాక్ అన్న మాట తెలియని ఉద్యోగి ఎదురుకావచ్చు. "కార్డు లావాదేవీ వివాద పత్రం" ఇవ్వమనండి, లేదా కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, జవాబు మీకు న్యాయంగా అనిపించకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కు ఫోను చేయాలి.

యూపీఐతో నేరుగా ఒక మనిషి ఖాతాకు పంపినదైతే దారి ఇరుకు. మీరే పిన్ కొట్టి పంపారు కనుక బ్యాంకు దాన్ని మీ ఇష్టప్రకారం జరిగిన చెల్లింపుగానే చూస్తుంది. మోసమని తేలగానే గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఆ డబ్బు అవతలి ఖాతాలో ఇంకా కదలకుండా ఉంటే స్తంభింపజేయించే అవకాశం ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మర్యాద కోసం ఆగే రోజులంటూ ఏమీ లేవు. ఇంకొకటి, వాపసు ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమంటే కొట్టకండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

మన దేశపు సైటులో కొన్నాను. సైటు వారు "అది మీకూ అమ్మకందారుకూ మధ్య సంగతి" అంటున్నారు.

అలా చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సైటుకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆయన పేరు, సంప్రదించే వివరాలు సైటులోనే ఉండాలి, సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో దొరుకుతాయి. కస్టమర్ కేర్ చాట్‌లో గంటలు పోగొట్టుకునే బదులు ఈ అధికారికి ఒక్క మెయిల్ రాయండి.

ఆ నియమాల్లోనే చాలామందికి తెలియని ఆయుధం మరొకటి ఉంది. కొన్న తరువాత మీరు లిఖితపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా, ఈమెయిల్, వివాద పరిష్కారానికి కావాల్సిన ఇతర వివరాలు సైటు మీకు ఇవ్వాలి. మారుపేరు వెనక ఉన్న మనిషి చిరునామా దొరికితే నోటీసు పంపవచ్చు. నోటీసు వెళ్లిన కొద్ది రోజులకే డబ్బు వాపసు వచ్చిన సందర్భాలు నేను చూశాను.

జవాబు రాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే చెప్పుకోవచ్చు. వారు తీర్పు ఇవ్వరు, కానీ సంస్థతో మాట్లాడతారు. చాలా చిన్న కేసులు ఇక్కడే తేలిపోతాయి.

కొందరు ఇంకా ఈబే వారి భారతీయ సైటు ఈబే ఇండియా గురించి, దాని చెల్లింపు పద్ధతి పైసాపే గురించి అడుగుతున్నారు. ఆ సైటు 2018 ఆగస్టు 14న మూతపడింది. ఇప్పుడు ఆ పేర్లతో మన దేశంలో ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే ఢిల్లీకో, అమ్మకందారు ఉన్న ఊరికో తిరగాలా?

అక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అమ్మకందారు జైపూర్‌లో ఉన్నా, సైటు బెంగళూరుదైనా, కర్నూలువాసి కర్నూలు జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే విచారిస్తుంది. న్యాయవాది తప్పనిసరి కాదు. ఇంటి నుంచే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోగా వేయాలి. అమ్మకందారుతో పాటు సైటును కూడా ప్రతివాదిగా చేర్చండి. అమ్మకందారు హాజరుకాకపోయినా సైటు తరఫున ఎవరో ఒకరు వస్తారు.

రెండు మెలికలున్నాయి. కొన్నది మళ్లీ అమ్ముకోవడానికైతే చట్టం దృష్టిలో మీరు వినియోగదారు కారు. బతుకుదెరువు కోసం సొంతంగా చేసుకునే పనికి కొన్న పనిముట్లకు మినహాయింపు ఉంది. ఆ లెక్కన రేడియో మెకానిక్ తన పని కోసం కొన్న మీటరుకు కేసు వేయవచ్చు. రెండోది, అవతలి వ్యక్తి వ్యాపారి కాకుండా తన ఇంట్లోని ఒక్క పాత వస్తువు అమ్ముకున్న మామూలు మనిషైతే ఈ-కామర్స్ నియమాలు ఆయనకు వర్తించవు. అప్పుడు సివిల్ దావా, లేదా లోక్ అదాలత్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగితే దారి చెబుతారు, 15100కు ఫోను చేసినా సరే.

సాక్ష్యం ముందునుంచే పోగుచేసి పెట్టుకోండి. ముగిసిన వేలం పేజీ కొద్ది నెలల్లో మాయమవుతుంది, పాట దక్కిన రోజే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఫోటోలు, వర్ణన, అమ్మకందారు పేరు, ముగింపు ధర, సమయం అన్నీ అందులో కనబడాలి.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

ఆలస్యం నేరం కాదు. మొదటినుంచీ పంపే ఉద్దేశం లేకుండా డబ్బు తీసుకోవడం నేరం. లేని వస్తువు ఫోటో పెట్టడం, ఒకే వస్తువు పలువురికి అమ్మడం, డబ్బు అందగానే ఖాతా మూసేయడం ఆ ఉద్దేశానికి గుర్తులు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానికి సంబంధించినది. పాత శిక్షాస్మృతిలో అందరి నోళ్లలో నానిన 420 స్థానంలో వచ్చింది ఇదే. 1930కి ఫోను చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. "నిందితుడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, మా పరిధి కాదు" అని స్టేషన్‌లో అంటే, పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని దానితో పాటే వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోందని మర్యాదగా గుర్తుచేయండి.

వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో నాణేల వేలం జరుగుతోంది. అక్కడ పాడవచ్చా?

మన ప్రాంతపు సేకర్తలు ఎక్కువగా దెబ్బతింటున్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆదోనిని మొగలులు ఇంతియాజ్‌గఢ్ అన్నారు, ఆ పేరుతో ఔరంగజేబు కాలంలో నాణేలు ముద్రించారు. గుత్తికి టిప్పు సుల్తాను ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడా టంకశాల నడిపాడు. సొంత ఊరి పేరున్న నాణెం కనబడగానే మనసు ఆగదు. ఆ మమకారం సంగతి అమ్మేవారికీ తెలుసు.

గ్రూపు వేలంలో సైటు లేదు, గడువు లేదు, ఫిర్యాదుల అధికారి లేరు. "అడ్మిన్ హామీ" అంటారు, ఆ అడ్మిన్ ఎవరో గ్రూపులో సగం మందికి తెలియదు. అయినా పాడాలనుకుంటే, పాటకు ముందే అమ్మకందారును ఒక కొత్త ఫోటో అడగండి. తెల్ల కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు చేత్తో రాసి, దాని పక్కన నాణెం పెట్టి తీసింది కావాలి. వస్తువు చేతిలో ఉన్నవారికి అది రెండు నిమిషాల పని. "లాకరులో ఉంది", "తమ్ముడి దగ్గర ఉంది" అన్నారంటే అక్కడితో వదిలేయండి. పాత ఫోటోను గూగుల్‌లో చిత్రంతో వెతికితే అది ఎవరి సేకరణ నుంచి ఎత్తుకొచ్చిందో చాలాసార్లు బయటపడుతుంది. పెద్ద మొత్తం అయితే ఎదురుగా కూర్చుని చేతికిచ్చి పుచ్చుకునే పద్ధతిలో తప్ప కొనవద్దు.

వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయని కూడా గుర్తుంచుకోండి. వాటిని దేశం దాటించడం నిషిద్ధం. విదేశీ అమ్మకందారు "వెనక్కి పంపితే డబ్బు ఇస్తాను" అన్నా అసలైన పాత నాణేన్ని మీరు తిప్పిపంపలేరు. ఈ మెలిక కొనకముందే ఆలోచించుకోవాలి.

ఇక "మీ దగ్గరున్న పాత ఐదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవారి మీద రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరిక జారీ చేసింది. తన పేరు చెప్పి ఎవరూ అలాంటి ఫీజులు వసూలు చేయడానికి లేదని స్పష్టం చేసింది.

పాట వేరేవారికి దక్కింది. ఇప్పుడు "వారు తప్పుకున్నారు, మీకే ఇస్తాం" అని మెయిల్ వచ్చింది.

ఈబేలో రెండో అవకాశం అనే పద్ధతి నిజంగానే ఉంది. అది నిజమైనదైతే మీ ఈబే ఖాతాలోని మెసేజ్ పెట్టెలో కూడా కనిపిస్తుంది. మెయిల్‌లో మాత్రమే ఉంటే నకిలీ. మెయిల్‌లోని లింకు నొక్కకుండా సైటు విడిగా తెరిచి చూడండి.

చెడ్డ రేటింగ్ ఇస్తే నా ఖాతాకు వారు కూడా చెడ్డ రేటింగ్ ఇస్తారేమో?

ఈబేలో 2008 నుంచి అమ్మకందారులు కొన్నవారికి చెడ్డ రేటింగ్ ఇవ్వలేరు. భయపడకుండా జరిగింది జరిగినట్టు రాయండి. లావాదేవీ జరిగిన 60 రోజుల్లోగా రాయాలి. అయితే డబ్బు తేలేదాకా ఆగి, ఆ తరువాత రాయడం మంచిది.

బ్యాంకు ఈ-వేలంలో ఇల్లు పాడాను. బ్యాంకే పలకడం లేదు.

అది వేరే చట్టం. బాకీ తీర్చనివారి ఆస్తులను బ్యాంకులు వేలం వేయడానికి ఉన్న సర్ఫేసీ నియమాల ప్రకారం 25 శాతం అదే రోజు లేదా మరుసటి పనిదినం, మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లోగా కట్టాలి. ఆ గడువు మీకే గుదిబండ. బ్యాంకు జవాబివ్వలేదని మీరు చెల్లింపు ఆపితే కట్టిన సొమ్ము జప్తు కావచ్చు. ఆ వేలం జరిపే బ్యాంకు అధీకృత అధికారికి రాతపూర్వకంగా లేఖ ఇచ్చి, వెంటనే న్యాయవాదిని కలవండి.

ఫిర్యాదు పెట్టగానే అమ్మకందారు పలికారు. "ఫిర్యాదు మూసేయండి, రేపే డబ్బు పంపిస్తాను" అంటున్నారు. మూసేయనా?

మూయవద్దు. ఎంత బతిమాలినా, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నా మూయవద్దు. ఈబేలో గానీ పేపాల్‌లో గానీ ఒకసారి మీరే మూసిన ఫిర్యాదును అదే కారణంతో మళ్లీ తెరవనివ్వరు. మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు అది. నిజంగా డబ్బు ఇవ్వాలనుకునేవారికి ఫిర్యాదు తెరిచి ఉండగానే సైటు ద్వారా వాపసు చేసే వీలుంది, అలా చేస్తే ఫిర్యాదు దానంతటదే ముగుస్తుంది. సైటులోనే ఇలా రాయండి: "వాపసు నా ఖాతాలో జమ కాగానే ఫిర్యాదు ముగిస్తాను." వాపసు చేసినట్టు సైటులో కనబడినా కార్డు ఖాతాలోకి రావడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. జమ అయినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులో చూసుకున్నాకే ముగించండి.